పంటు ఎక్కిన ప్రశ్న

"మాస్టారూ, నేను కట్టిన చిక్కుప్రశ్న ఒక్కటైనా ఎప్పటికి అచ్చవుతుందండీ?"

కామేశం ఈ మాట అడగడం మొదటిసారి కాదు. కరెంటాఫీసులో గుమస్తా పని చేస్తూ, బల్ల మీద బిల్లులూ బల్ల కింద గళ్ల కాగితాలూ పెట్టుకుని, మూడేళ్లలో పంతొమ్మిది ప్రశ్నలు కట్టి వారపత్రికకి పంపాడు. పంతొమ్మిదీ తిరుగుటపాలో ఇంటికొచ్చాయి. తాతబ్బాయి మాస్టారు అదే పత్రికలో ముప్పయ్యేళ్లుగా చిక్కుప్రశ్నల పేజీ నడిపిన మనిషి. చూపు ఆనకపోవడంతో ఇప్పుడు దాన్ని వదులుకుంటున్నారు. "మీ శిష్యుణ్ణి ఒక్క ప్రశ్న పంపమనండి. నచ్చితే పేజీ అతనికే, లేకపోతే వేరేవాళ్లని చూసుకుంటాం" అని సంపాదకుడు రాశాడు. ఆ ప్రశ్న ఆవేళ మధ్యాహ్నం టపాకి అందాలి. కామేశం రెండు ప్రశ్నలు కట్టి, ఏది పంపాలో తేలక, పొద్దున్నించీ కాలుగాలిన పిల్లిలా మాస్టారి అరుగు మీద తిరుగుతున్నాడు.

ఆ సంపాదకుడిది ఒక పద్ధతి. ప్రశ్న ఒక కవర్లో రావాలి, జవాబు మూతి అంటించిన మరో కవర్లో రావాలి. ముందు తనే కూర్చుని కుస్తీ పట్టి, ఆ తర్వాతే రెండోది చింపుతాడు. కామేశానికి అంత ఓపిక ఎక్కడిది? ప్రశ్న కిందే 'ఇక్కడ జాగ్రత్త', 'ఆ మూల చూడండి' అని సూచనలు రాసేవాడు. వాటి కింద ఎర్రసిరాతో జవాబు కూడా రాసేవాడు. తను పెట్టిన మెలిక ఎదుటివాడికి కనపడదేమోనని అతని బెంగ. అది చాలక, మర్నాడు మెలిక గొప్పతనం వివరిస్తూ ఇంకో కార్డు పడేసేవాడు. "ఆత్రపు పెళ్లికొడుకు అత్త మెడలో తాళి కట్టాట్ట" అని మాస్టారు నవ్వేవారే గాని, అంతకుమించి ఏనాడూ విడమరచి చెప్పలేదు.

ఈసారీ చెప్పలేదు. చేతికర్ర అందుకుని, "రేవుకి పద" అన్నారు.

అది మాస్టారి పాత అలవాటు. ఏ ప్రశ్న కట్టినా పత్రికకంటే ముందు గోదావరి రేవుకి తీసుకెళ్లేవారు. ఆవలి ఒడ్డు నుంచి పంటు పడవ వచ్చేదాకా ఎదురుచూసే జనంలో ఎవరో ఒకరి చేతిలో దాన్ని పెట్టి, పక్కన కూర్చునేవారు. కట్టినవాడు మాత్రం నోరు మెదపకూడదు. రేవులో అదొక్కటే నియమం.

ఆవేళ దొరికినావిడ దీవెనమ్మ. లేసు అల్లి అవతలి ఒడ్డు షావుకారుకి ఇచ్చొస్తుంది. ఒడిలో సంచీ, చేతిలో సూది. మాస్టారు మొదటి కాగితం అడిగి తీసుకుని, కింద సగం వెనక్కి మడిచి ఆవిడకిచ్చారు. దాని మీద పన్నెండిళ్ల ఊరి పటం ఉంది, పాలామె నడిచిన సందులో మళ్లీ నడవకుండా అన్ని ఇళ్లకీ పాలు పోసి తన గుమ్మానికే చేరాలి.

"ఒంటిదారంతో అల్లినట్టేనన్నమాట! ఆయ్, చూద్దారండి" అని దీవెనమ్మ సూది మొనతో దారి పట్టింది. పదో ఇంటి దగ్గర దారి మూసుకుపోయింది. నాలిక కరుచుకుని మళ్లీ మొదలెట్టింది. ఈసారి పదకొండో ఇంటిదాకా వెళ్లింది. కామేశం కాగితం వైపు వేలు చాపబోయాడు. మాస్టారు అతని చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ మూడోసారి అదే తప్పు మలుపు వైపు సూది జరిపింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఎంతసేపని ఆగుతాడు?

"అటు కాదమ్మా! బావి పక్క సందులోంచి!"

దీవెనమ్మ సూది ఆగింది. బావి పక్క సందు చూసింది, మిగతా దారంతా చూసింది. ముఖంలో వెలుగు దిగిపోయింది. కాగితం మడిచి తిరిగిచ్చేసింది.

"మీకు తెలిసిందేగా బాబూ, మరి నన్నెందుకడిగారు?"

కామేశానికి చెంపమీద కొట్టినట్టయింది. సిగ్గుతో తల పైకెత్తలేకపోయాడు. అంతలో పంటు ఒడ్డుకి తగిలింది. జనం లేచారు.

"రెండోది ఇలా తే. ప్రశ్న ఎంతవరకూ ఉంది?" అన్నారు మాస్టారు.

కామేశం వేలు పెట్టి చూపించాడు. మాస్టారు అక్కడికి సరిగ్గా చింపి, సూచనలూ ఎర్రసిరా ఉన్న ముక్క కామేశం చేతిలో పెట్టి, పైముక్క దీవెనమ్మకిచ్చారు. "తీరిగ్గా చూసుకో అమ్మా."

ఆవిడ ఎక్కింది, పంటు కదిలింది. ఆ కాగితం మీద తొమ్మిది గదుల మేడ ఉంది. ప్రతి తలుపూ ఒక్కసారే దాటి బయటికి రావాలి. జవాబు కామేశం గుప్పిట్లో చెమటకి తడుస్తోంది. ఒడ్డు వెంబడి నాలుగంగలు పరిగెత్తాడు. నోరు తెరిచాడు. కేకేస్తే వినపడేంత దగ్గరే. దీవెనమ్మ మాత్రం సంచీ మీద కాగితం పరుచుకుని తలెత్తకుండా కూర్చుంది. పక్కావిడ కూడా వంగి చూస్తోంది. ఇద్దరూ ఏదో వాదించుకుంటున్నారు. అతను నోరు మూసుకున్నాడు. అంత కష్టమైన పని తన జన్మలో చేసి ఎరగడు.

పంటు నడిగోదాట్లోకి వెళ్లాక, ఆవిడ ఒక్కసారి తలెత్తి ఎటో చూసింది. ఒడ్డు వైపు మాత్రం చూడలేదు. మళ్లీ వంగింది.

"ఆవిడకి వచ్చేసిందంటారా మాస్టారూ?"

"నాకు పంటే ఆనదు కదయ్యా."

కామేశం జేబులోంచి రెండు ఖాళీ కవర్లూ తెల్లకాగితమూ తీసి, రేవు మెట్టు మీద కూర్చున్నాడు. కలం మూత తీశాడు.

"ఎంతవరకూ రాయమంటారండీ?"

మాస్టారు నీళ్ల వైపు తిరిగి ఉన్నారు.

"ఆవిడకి ఎంతిచ్చామో, అంతే" అన్నారు.