దిబ్బ మీద నీడ

లాజరు మాస్టారి శిష్యుడు నవనీత్‌కి ఒకటే బాధ. ఏం చేసినా మాస్టారు బాగుందని అనరు.

"ఇన్నాళ్ల నించి చేస్తున్నా తాతా. ఒక్క మెచ్చుకోలు లేదు" అన్నాడు, దిబ్బకి పోతూ నా పడవలో కూర్చుని. ముందురోజు నా తాగే నీళ్లతో చేతులు కడుక్కున్నాడు వాడు, అడక్కుండా. అది నేను మరిచిపోలేదు, మరవను. అందుకే మొహం తిప్పుకుని పడవ నడిపాను.

నడిసముద్రంలో ఉంగరంలా చుట్టుకున్న పగడపు దిబ్బ అది. చెట్టన్నది లేదు. వేలకొద్దీ సముద్రపు పిట్టలు ఉత్త ఇసక మీదే గుడ్లు పెడతాయి. అవి ఎక్కడికి పోయి ఎప్పుడు తిరిగొస్తాయో కనిపెట్టడం మాస్టారి పని. పిట్టని పట్టాలి, కాలికి నంబరున్న కడియం వెయ్యాలి, వెంటనే వదిలెయ్యాలి. అక్కడ తల్లి గుడ్డు మీద కూర్చునేది వేడికి కాదు, నీడకి. లేచిందా, గుడ్డు ఉడికిపోతుంది.

ఆవేళ ఎండ ముదిరింది. పాటు మొదలైంది. ఇంకాస్త నీరు తగ్గితే పడవ రాళ్ల సందులోంచి బయటపడదు.

"మాస్టారూ! నీరు తీసేస్తోంది!" అని అరిచాను.

ఆయన కదల్లేదు. ఎండకి వీపు పెట్టి, చేతులు చాచి దిబ్బ మధ్య నిలబడ్డారు. మెడ కందిపోయింది. ఇద్దర్నీ ఈడ్చుకొద్దామని నేనే దిగాను.

టార్పాలిన్ కింద నవనీత్ ఒళ్లో గుడ్డసంచి. అందులో పిట్ట. బయటికున్న దాని కాలిని పట్టుకుని ఏదో రుద్దుతున్నాడు. ఉన్నట్టుండి సంచితో సహా పరిగెత్తాడు.

"మాస్టారూ, పాత కడియం! మీరు కుర్రతనంలో వేసిందే! ఒక్కటీ తిరిగి రాలేదని అందరూ మిమ్మల్ని వెక్కిరించారు కదా, ఇదిగో వచ్చింది! అరిగిన చివరి రెండంకెలు తేలితే చాలు!"

మాస్టారి కళ్లు ఒక్కసారి సంచి మీదికి పోయాయి. మళ్లీ ఇసక మీదికి వచ్చాయి.

"చూడరేం మాస్టారూ?"

"ఖాళీ లేదు నాయనా."

"ఊరికే నిలబడ్డారుగా! ఏం చేస్తున్నారు?"

"నువ్వు సంచిలో పెట్టుకున్నదాని పని."

వాడు కిందికి చూశాడు. మాస్టారి నీడలో మచ్చల గుడ్డు ఒకటి.

"రెండంకెలే మాస్టారూ..."

నీడ కొంచెం పక్కకి పోతే, ఆయనా కొంచెం జరిగారు.

నేను అరవడం మానేశాను. వాడి పిడికిలి సంచి మూతి మీద బిగిసింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత మోకాళ్ల మీద కూలబడి సంచి విప్పాడు.

పిట్ట పైకి లేచింది. మనుషులుంటే దిగదు. మాస్టారు పక్కకి తప్పుకున్నారు. గుడ్డు మీద ఎండ పడింది. ముగ్గురం వెనక్కి వెనక్కి నడిచాం.

ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు. దిగింది. రెక్కలు కాస్త విప్పి కూర్చుంది. తోమిన కడియం తళుక్కుమంది. అంత దూరంనించి అంకెలేం కనపడతాయి?

రాళ్ల సందు దాటేటప్పుడు పడవ అడుగు రాతికి గీసుకుంది. ఆ గీత ఇప్పటికీ ఉంది.

"తాతా, మీ నీళ్లు కొంచెం తీసుకోనా?" అన్నాడు నవనీత్.

కొలిచి పోశాను. ఖాళీ సంచి తడిపి మాస్టారి మెడ మీద పరిచాడు.

మాస్టారు కళ్లు మూసుకున్నారు.

"బాగుంది" అన్నారు.