పొగమంచులో పోలమ్మ

ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు చెప్పే అలవాటు చిదంబరం మాస్టారికి లేదు. జవాబు ఉన్నచోటికి మనిషిని పంపిస్తారు, కాదంటే జవాబునే పిలిపిస్తారు. విశాఖలో ఆయన దగ్గర ఫోటోగ్రఫీ నేర్చుకున్నవాళ్లందరికీ ఇది తెలుసు. తెలిసి కూడా సుధీంద్ర ఒకనాడు అడిగాడు: "మాస్టారూ, కళ కోసం తీసిన ఫోటోలో కంప్యూటర్‌తో ఎంతవరకు చెరపొచ్చు?"

అడగడానికి కారణం ఉంది. భీమిలి ఒడ్డున అతను తీసిన 'ఏకాంతం' అనే ఫోటో ప్రదర్శనలో గోడకెక్కింది. ముసలి జాలరి ఒక్కడూ ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటుంటాడు. చుట్టుపక్కల నరమానవుడు ఉండడు. వల అతని ఒళ్లోంచి లేచి, బిగుతుగా సాగి, పొగమంచులో కలిసిపోతుంది. అది జీవుణ్ణీ దేవుణ్ణీ కలిపే బంధమని చూసినవాళ్లు తలలూపారు. తీసినప్పుడు ఆ ఆలోచనే లేని సుధీంద్ర కూడా వాళ్లతోపాటు ఊపాడు. నిజానికి ఆ రోజు అక్కడ పొగమంచూ లేదు, ఏకాంతమూ లేదు. మేకలు, టీ బండి, ఎండబెట్టిన చేపలు, అన్నిటికీ మించి జాలరికి ఎదురుగా కూర్చుని అతణ్ణి ఏకధాటిగా తిడుతున్న భార్య. అన్నిటినీ చెరిపి ఆ చోట మంచు పరిచాడు. మెప్పు పెరిగేకొద్దీ లోపల ముల్లు గుచ్చుకోసాగింది.

మాస్టారు అంతా విని, ఆ దంపతుల్ని ప్రదర్శనకు పిలుచుకురమ్మన్నారు. ఆ పని సుధీంద్రకు సుతరామూ ఇష్టం లేదు. అయినా వెళ్లి పిలిచాడు. జాలరి ఎల్లాజీ ఉతికిన పంచెతో వచ్చాడు. అతని భార్య పోలమ్మ మాత్రం తమ బొమ్మ పట్నంలో గోడ మీద పెట్టారని పేటంతా చాటి, జరీ అంచు చీర కట్టుకుని, తలనిండా పూలతో వచ్చింది.

ఫోటోలో ఆ మూల నుంచి ఈ మూల దాకా పోలమ్మ తనను తాను వెతుక్కుంది. పక్క ఫోటోల్లో కూడా వెతికింది. తర్వాత సుధీంద్ర వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"నానేటైపోనాను బాబూ? ఆ కొస పట్టుకున్నది నానే గదా. నాను నేకపోతే వల అలా బిగిసి ఎలాగుంటాది?"

సుధీంద్ర ఏదో చెప్పబోయాడు. జీవుడూ దేవుడూ ఇద్దరూ సమయానికి నోటికి అందలేదు.

ఎల్లాజీ మాత్రం బొమ్మ ముందునుంచి కదల్లేదు. కళ్లు చెమర్చాయి. పెళ్లయ్యాక తను ఇంత ప్రశాంతంగా ఎప్పుడు కూర్చున్నాడో గుర్తులేదనీ, ఇంటి గోడకు ఇలాంటిదొకటి ఇప్పించమనీ మాస్టారిని గొంతు తగ్గించి అడిగాడు. గొంతు తగినంత తగ్గలేదు. పోలమ్మ అక్కడికక్కడే తిట్లు అందుకుంది. ప్రదర్శనకు వచ్చిన పెద్దమనుషులు గోడలవైపు తిరిగి, అంతవరకూ లేని శ్రద్ధతో ఫోటోలు చూడసాగారు.

ఆవిడ ఊపిరి తీసుకున్న సందులో సుధీంద్ర తప్పు ఒప్పుకున్నాడు. ఆమెను ఉన్నదున్నట్టు తిరిగి పెట్టేస్తానన్నాడు. పోలమ్మ చల్లబడింది గాని, ఉన్నదున్నట్టు వద్దంది. ఆనాడు కట్టుకున్నది చిరుగుల చీర, ఈ జరీ చీరతో పెట్టమంది. నోరు మూసుకుని, కాస్త నవ్వుతున్నట్టు ఉంటే బాగుంటుందంది. మేకలు మాత్రం వద్దంది. అలాగైతే తనకు పై వరుస పళ్లు కూడా పెట్టించమన్నాడు ఎల్లాజీ.

వాళ్లు వెళ్లాక సుధీంద్ర కుర్చీలో కూలబడ్డాడు. చెరిపినందుకు నొచ్చుకున్న మనిషే మేకల్ని చెరపమంది. భర్తకేమో చెరిపిందే కావాలి. ఇంతకీ తను చెరపాలా, మానాలా?

మాస్టారు ఫోటో ముందుకు నడిచి, మంచులోకి సాగిన వలను కాసేపు చూశారు.

"చెరుపు నాయనా, ఎవరొద్దన్నారు?" అన్నారు. "అవతలి కొస ఎవరి చేతిలో ఉందో చూసుకుని చెరుపు."