పద్నాలుగో నంబరుకి సున్నా

"పద్ధతి సరైనదే మేడమ్. మరి ఫలితం ఎందుకిలా గుచ్చుకుంటోంది?" అని అడిగింది నళిని.

వృక్షశాస్త్రం బోధించే సుభద్రమ్మగారు ఎండిన ఆకుల్ని అట్టలకు అంటించుకుంటున్నారు. ప్రశ్నకు జవాబు చెప్పడం ఆవిడ అలవాటు కాదు. అడిగినవాళ్ల చేతికి ఓ పని అప్పగించడమే ఆవిడ అలవాటు. మూడేళ్లుగా ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న నళినికి ఆ సంగతి తెలియక కాదు, కడుపులో దాచుకోలేక అడిగేసింది.

ఆ విశ్వవిద్యాలయం ఆడపిల్లల హాస్టల్లో నాలుగు మెస్సులున్నాయి. వేటికవి అమ్మాయిలే నడుపుకుంటారు. ఏటా కొత్త పిల్లల్ని సీనియర్లు టీకి పిలిచి, మాట్లాడి చూసి, పదిమందిని తమలో కలుపుకుంటారు. చేరిన పిల్లకు పేరు కొట్టించిన స్టీలు గ్లాసు ఇస్తారు. ఆ గ్లాసు చేతికొస్తే చదువైనన్నాళ్లూ కష్టానికీ సుఖానికీ అక్కలున్నట్టే. ఏ మెస్సులోనూ చోటు దొరకని పిల్ల ఎక్కడో దూరాన ఉన్న క్యాంటీన్లో ఒంటరిగా తిని రావాలి. కిందటేడు అలాంటి పిల్ల ఒకతె దసరా సెలవులకు వెళ్లి మళ్లీ రాలేదు.

ఆ బాధ నళినిని వదల్లేదు. అందుకే ఈ ఏడు వెన్నెల మెస్సుకు పెద్దక్క కాగానే సిఫార్సులూ, "మా పిన్ని కూతురు" కబుర్లూ కట్టిపెట్టించింది. పేర్లు లేవు, ఊళ్లు లేవు. ఇరవైముగ్గురు పిల్లలకూ నంబరు చీటీలు తగిలించారు. హాల్లో కుర్చీలు వేసుకుని ఏడుగురు సీనియర్లూ ఒకరిది ఒకరు చూడకుండా మార్కులు వేశారు. ఇంతకంటే న్యాయం దేవుడు కూడా చెయ్యలేడని నళిని మురిసిపోయింది. తీరా చూస్తే పద్నాలుగో నంబరుకు ఏడుగురూ సున్నాలే వేశారు. ఆ పిల్ల పొద్దుటినుంచీ పెట్టె సర్దుకుంటోందని తెలిసింది. నాలుగింటికి జాబితా గిన్నెల కొట్టుకు వెళ్లాలి. స్టీలు మీద పేరు పడ్డాక చెరపడం ఎవరి తరమూ కాదు.

అంతా విని సుభద్రమ్మగారు, "నిన్న మీ టీ బావుందన్నారు. పెట్టిందెవరో కనుక్కుని రా," అన్నారు.

నళినికి ఒళ్లు మండింది. న్యాయం గురించి అడిగితే టీ గురించా! అయినా వెళ్లింది. పాలు పొయ్యి మీద పెట్టింది తనే. తర్వాత కుర్చీల హడావుడిలో పడి, మిగతా పని ఎవరో ఒకరు చూసుకున్నారులే అనుకుని రెండు గ్లాసులు తాగింది కూడా. తక్కిన ఆరుగురినీ అడిగితే ఆరుగురూ "నువ్వే కదా!" అన్నారు. చివరికి ఓ కొత్త పిల్ల చెప్పగా పద్నాలుగో నంబరు గదికి వెళ్లింది. పైడితల్లి అనే ఆ అమ్మాయి మూత పడని పెట్టె మీద కూర్చుని ఉంది.

"టీ పెట్టింది నువ్వా? మరి హాల్లోకి రాలేదేం?"

"మంచినీళ్లకని ఎల్తే పాలు పొంగిపోతన్నాయక్కా. మీరందరూ మాటల్లో ఉన్నారు, ఏటి సెయ్యను?" అని కాస్త ఆగి, "టీ బాగోలేదా అక్కా?" అంది భయంగా.

నళిని ఆ పిల్లను పెట్టె మీంచి లేపింది. రెండు రోజులు ఆగమని మాత్రం చెప్పి పరుగున తిరిగొచ్చింది.

"మేం కూర్చున్న చోటికి వంటగది కనిపించదు మేడమ్. ఆ పిల్ల పేరు జాబితాలో మొదట రాసేస్తాను."

"నిన్న మాటలకు మార్కులు వేశావు. ఇవాళ టీకి వేస్తానంటావు," అన్నారు సుభద్రమ్మగారు ఆకు మీంచి చూపు తిప్పకుండానే.

నళిని జాబితాను మడిచేసింది. ఆ సాయంత్రం గిన్నెల కొట్టుకు జాబితా వెళ్లలేదు. మర్నాడు కుర్చీలన్నీ ఓ మూలకు చేర్చి, ముప్ఫైమందీ కలిసి వంట చేశారు. నత్తి వల్ల మొదటిరోజు పెదవి విప్పని పంతొమ్మిదో నంబరు, ఉల్లిపాయలు తరుగుతూ వాళ్లూరి బస్సు కండక్టరు కథ చెప్పి అందర్నీ పడీపడీ నవ్వించింది. మొదటిరోజు గలగలా మాట్లాడి మెప్పు పొందిన పిల్ల, గిన్నెలు తోమడానికి అందరికంటే ముందు కూర్చుంది. ఉత్త మాటకారి అని ఆ పిల్లను తీసిపారేయడానికీ వీల్లేకపోయింది.

కొత్త జాబితాలో పైడితల్లి పేరుంది, పంతొమ్మిదో నంబరు పేరూ ఉంది. పాత జాబితాలోని ఇద్దరు జారిపోయారు. మిగిలిన పదముగ్గురినీ నళిని తనే వెంటబెట్టుకుని తక్కిన మూడు మెస్సుల వంటగదులకూ తిప్పింది. వారం తిరిగేసరికి పన్నెండుమందికి చోటు దొరికింది. పైడితల్లి పెట్టె మళ్లీ మంచం కిందికి చేరింది. నళినికి సంతోషంగానే ఉంది, కానీ మనసు పూర్తిగా కుదుటపడలేదు.

"ఇంకా ఒక్క పిల్ల మిగిలిపోయింది మేడమ్. ఇప్పుడైనా న్యాయం జరిగినట్టేనా?" అని అడిగింది, గిన్నెల కొట్టుకు బయల్దేరుతూ.

సుభద్రమ్మగారు చేతికంటిన జిగురు తుడుచుకున్నారు. "పది గ్లాసులే కదా చెప్పావు? పదకొండోది కూడా తీసుకురా. దాని మీద మాత్రం ఎవరి పేరూ కొట్టించకు."