కిటికీ మూసి చెప్పిన ఉత్తరం

దుప్పటి కప్పుకో. కాళ్ళు తన్నావంటే కథ ఆపేస్తా. ఊ కొడతావుగా? సరే, విను.

అనగనగా ఒక ఊళ్ళో, మరీ అంత అనగనగా కాదులే, శేషారత్నం అని ఒక కోడలు ఉండేది. ఆ వీధి ఆడవాళ్ళలో రాయడం వచ్చింది ఆవిడొక్కదానికే. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని అందరూ ఆవిడ దగ్గర ఉత్తరాలు రాయించుకునేవాళ్ళు. "నెమ్మదిగా చెప్పు వదినా, నీ నోటిని నా కలం అందుకోవద్దూ!" అనేది. రాశాక ఒకసారి పైకి చదివి వినిపించేది. ఆ తర్వాత అన్నం మెతుకుతో అంటించి వాళ్ళ చేతికే ఇచ్చేది. ఎంత బాగుండేవే ఆ మధ్యాహ్నాలు! ఆ సిరా వాసన ఇప్పటికీ నా ముక్కుకి తగులుతుంది.

ఒకరోజు పక్కింటి మాణిక్యం వచ్చింది. ఇద్దరూ ప్రాణస్నేహితులు. "అత్తగారు కడుపునిండా తిండి పెట్టడం లేదు, వచ్చి తీసుకెళ్ళు అన్నయ్యా" అని రాయించింది. రత్నం అలవాటుకొద్దీ గట్టిగా చదివింది. కిటికీ తెరిచి ఉంది. కింద అరుగు మీద ఎవరున్నారు? ఆ అత్తగారే! లోపలికొచ్చి ఉత్తరం లాక్కుని చింపేసింది.

"మెల్లిగా చదవమన్నానుగా!" అని మాణిక్యం ఏడ్చింది. "అందరికీ చదివినట్టే చదివాను, నాదేం తప్పు?" అంది రత్నం. పొగరు! ఆ తర్వాత మాణిక్యం వాళ్ళు ఊరు మారిపోయారు, ఇంకెవరిచేతా రాయించుకోకూడదని అక్కడ తనే చదవడం, రాయడం నేర్చుకుంది. అన్నయ్యకి ఆ ఉత్తరం అందనే లేదు. పాపం, ఎన్ని పస్తులుందో ఆ పిల్ల. యాభై ఏళ్ళు ఇద్దరికీ మాటల్లేవు.

అప్పటికి రత్నం ముసలిదైపోయింది. కలం చేతిలో నిలవదు. మనవరాలు హారిక ఎలాగో మాణిక్యం నంబరు సంపాదించింది. ఫోన్ చేసి మాట్లాడొచ్చుగా అంటావా? చేస్తే నోరు పెగలొద్దూ! పైగా ఉత్తరంతో చేసిన తప్పు ఉత్తరంతోనే దిద్దుకోవాలనుకుంది.

"మనం చెప్తే ఫోనే రాస్తుంది అమ్మమ్మా, అలాంటి కీబోర్డులున్నాయి" అంది హారిక.

"ఉంటే ఉన్నాయి గానీ, ఇది మూడో చెవిన పడకూడదు. ఒకసారి పడింది, చాలు" అంది రత్నం.

మొదటి కీబోర్డు ఉచితం. గడగడా రాసేస్తుంది. కానీ చీమ తలకాయంత అక్షరాలతో ఏదో ఉంటే హారిక చదివింది. చెప్పిన మాటలన్నీ ఆ కంపెనీవాళ్ళకి పోతాయిట, వాళ్ళు దాచుకుంటారుట. "దీని దుంప తెగ! ఇదీ అరుగు మీద అత్తగారే" అని తీసేయించింది.

రెండోది మాట బయటికి పోనివ్వదుట, కానీ నెలనెలా డబ్బు కట్టాలి. "వీధి వీధంతటికీ రాసిపెట్టి ఒక్క తమలపాకు పుచ్చుకోలేదు నేను. ఒక్క ఉత్తరానికి జన్మంతా కప్పం కట్టాలా?" అంది.

మూడోది పైసా అడగలేదు. మాట ఫోను దాటదంది. రత్నం ఊరికే నమ్ముతుందా? నెట్టు ఆపించి చూసింది. అయినా రాసింది! కాకపోతే మందకొడి, నాలుగు మాటలకి ఒకటి తప్పు. "నెమ్మదిగా చెప్పు అమ్మమ్మా" అంది హారిక. ఆ మాటకి రత్నం కళ్ళు చెమర్చాయి.

ఆ తర్వాత హారికని గదిలోంచి పంపేసింది. కిటికీ మూసింది. ఒక్కొక్క మాటే విడదీసి, పూర్వం ఆ వదినలు తనకి చెప్పినట్టే ఫోనుకి చెప్పింది. అంతా అయ్యాక పెదవి కదపకుండా చదువుకుని, పంపింది.

గంటకి జవాబొచ్చింది. "ఈసారైనా కిటికీ మూశావుటే, రత్నం?"

ఏమిటీ? ఆ ఉత్తరంలో ఏం రాసిందంటావా? చెప్పను. నువ్వు మూడో చెవివి కాదూ!

నాకెలా తెలుసంటావా? పిచ్చిదానా, నీకు కథ చెప్పే ఈ అమ్మమ్మ పేరేమిటనుకున్నావు? మాణిక్యమే. మిగతాదంతా తర్వాత రత్నమే చెప్పింది. ఏడవట్లేదే, ఊరికే కళ్ళలో నీళ్ళు. ఇక పడుకో.

కథ పోయింది కంచికి,
నిద్రొచ్చింది కంటికి,
మాట మిగిలింది ఇంటికి.