పదకొండు కెమెరాలు, ఒకే గోడ

కళ్ళు మూసుకుని టక్‌మన్న చప్పుడొకటి వింటే చాలు, అది ఏ కంపెనీ కెమెరాయో, ఏ మోడలో, ఏ సంవత్సరంలో బజారులోకి వచ్చిందో చెప్పేస్తానని అంబాజీపేట త్రినాథ్ అంటూండేవాడు. కోనసీమ మొత్తంమీద ఆ విద్య తెలిసినవాడు తనొక్కడేనని కూడా అనేవాడు. ఒక పెళ్ళిలో అలాగే కళ్ళు మూసుకుని, వేలెత్తి, ఒక మోడల్ పేరు చెప్పాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా పురోహితుడు ముక్కుపొడుం డబ్బా మూస్తున్నాడు. ఆ సంగతి ఊరంతా తనే చెప్పుకుని, అందరికంటే ముందు తనే నవ్వేవాడు. అంచేత అతన్ని ఏడిపించాలనుకున్నవాళ్ళకి పని మిగిలేది కాదు. ఇంతకీ కెమెరాల గురించి అంత తెలిసిన త్రినాథ్‌కు లేనిదల్లా ఒక్కటే. కెమెరా.

కొనలేక కాదు, ఏది కొనాలో తేలక. అతను గ్రామ సర్వేయరు. గట్టు దగ్గర జానెడు తేడా వస్తే మళ్ళీ మొదటి రాయి దగ్గర్నుంచి కొలుచుకొచ్చే రకం. అతనికి కావలసింది అన్నిటికీ పనికొచ్చే డీఎస్సెల్లార్ ఒకటి. తెల్లారి కాలవగట్టున కొంగ లేస్తే రెక్క చెదరకుండా అందుకోవాలి. జాతరలో దీపాల వెలుతురుకి మొహాలు రవ్వ చల్లినట్టు రాకూడదు. వానొస్తే బెదరకూడదు. రోజంతా మోసినా మెడ వంగకూడదు. పెళ్ళికీ అదే, పీతకీ అదే. ఇలా రెండేళ్ళు వెతికాడు. ఆ రెండేళ్ళలో అతని జాబితాలో ఉన్న కెమెరాలు మూడు, వీడు ఎలాగూ కొనడని తెలుసుకున్నట్టు, తయారవడమే మానేశాయి.

వెతకడమంటే మాటలు కాదు. పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళనీ, అమలాపురంలో ఉన్న స్నేహితుల్నీ బతిమాలి, ఒక్కో కెమెరా ఒక్కో పూటకి ఎరువు తెచ్చేవాడు. ఇంటి వెనక దొడ్లో ప్లాస్టరింగు లేని ఇటుక గోడ ఒకటుంది. దానికెదురుగా ట్రైపాడ్ మూడు కాళ్ళూ ఎక్కడ ఆనాలో సున్నంతో మూడు చుక్కలు పెట్టుకున్నాడు. ఏ కెమెరా తెచ్చినా అక్కణ్ణుంచే, అదే గోడని, అదే వేళకి తీసేవాడు. తరవాత ఫోటోని పెద్దది చేసి, మూలనున్న ఇటుక అంచు ఏ కెమెరాలో ఎంత పదునుగా వచ్చిందో పుస్తకంలో రాసుకునేవాడు. ఒక్క కెమెరాతోనూ ఒక్క మనిషిని తీసిన పాపాన పోలేదు. పరీక్ష పూర్తి కాందే ప్రయోగమెలా చేస్తాం అనేవాడు.

ఆ గోడ ముందరే బట్టలారేసే తీగ. ఆరేసేది తాయారు. మంగతాయారు అతనికి అక్క, తొమ్మిదేళ్ళు పెద్ద. పాలకేంద్రంలో పాలు పరీక్ష చేసే ఉద్యోగం. తల్లి పోయిన దగ్గర్నుంచి తమ్ముడికి కంచంలో పెట్టిందీ ఆవిడే, వీపు మీద రెండు పెట్టిందీ ఆవిడే. అతను కెమెరాతో దొడ్లోకి వచ్చినప్పుడల్లా కాస్త తప్పుకో అక్కా అనేవాడు. ఆవిడ తప్పుకునేది గానీ ఊరికే తప్పుకునేది కాదు.

"పాలు మంచివో కాదో మేం రెండు చుక్కలతో తేలుస్తాంరా. నువ్వు ఊళ్ళో గేదెలన్నిటినీ ఇంటికి తోలుకొచ్చి కొమ్ములు కొలుస్తున్నావు," అనేది.

తమ్ముడికి ఉద్యోగం వచ్చేదాకా తన పెళ్ళి మాట ఎవర్నీ ఎత్తనివ్వలేదు తాయారు. ముప్ఫై ఆరో ఏట, బరంపురంలో రైల్వేలో పనిచేసే ఒకాయన్ని చూసి, నాకు నచ్చాడని తనే చెప్పింది. ముహూర్తం పెట్టారు. సంబంధం కుదిరిన దగ్గర్నుంచి ఆవిడ తమ్ముణ్ణి అడుగుతున్నది ఒక్కటే. పెళ్ళికూతురి ఫోటోలు ఎలాగూ ఎవరో ఒకరు తీస్తారు. ఈ ఇంట్లో, ఈ నేత చీరలో, తను రోజూ ఉన్నట్టుగా ఒక్క ఫోటో వాడి చేత్తో తీసిపెట్టమని. మంచి కెమెరా రానీ అక్కా, అంటూ వచ్చాడు త్రినాథ్. కెమెరా రాలేదు. పెళ్ళి మాత్రం తొమ్మిది రోజుల్లోకి వచ్చేసింది. పదో రోజుకి ఇల్లుంటుంది, గోడుంటుంది, సున్నం చుక్కలు కూడా ఉంటాయి. అక్క బరంపురంలో ఉంటుంది.

ఆ కంగారుతోనే ఆదివారం పొద్దున్న ట్రైపాడ్ కూడా భుజానేసుకుని జోగేశ్వర్రావు మాస్టారి దగ్గరికి పరుగెత్తాడు. ఆయన అమలాపురంలో ముప్ఫై ఏళ్ళు స్టూడియో నడిపి మూసేశారు. ఇప్పుడు ఆదివారాలు, సరదాకి ఫోటోలు తీసుకునేవాళ్ళని మేడ మీద కూర్చోబెట్టి పాఠం చెబుతారు. పాఠమంటే చెప్పేది తక్కువ. ఫోన్లో ఫోటో చూపిస్తే చూడరు, కాగితం మీద వేయించుకు రమ్మంటారు. తెచ్చాక దాని నడిమధ్యన అరచెయ్యి కప్పి, ముందు నాలుగంచులూ చూస్తారు. మధ్యలో ఉన్నది తీసినవాడు చూసింది, అంచుల్లో ఉన్నది వాడు చూడనిది అని ఆయన లెక్క. మాస్టారు అన్నం కూడా విస్తరి అంచుల్నుంచే తింటారనీ, నెయ్యి మధ్యలో వడ్డిస్తే తెల్లబోతారనీ శిష్యులు చాటుగా చెప్పుకునేవారు. ఆ మాట పుట్టించింది త్రినాథే. మాస్టారికి ఆ సంగతి తెలుసు.

"మాస్టారూ, పదకొండు చూశానండి. తొమ్మిది తీసేశాను, రెండు మిగిలాయి. ఈ రెండింట్లో ఏది కొనమంటారు?" అని అడిగాడు త్రినాథ్.

మాస్టారు ఆ రెండూ ఏవని కూడా అడగలేదు. సంచీలో ఏం తెచ్చావన్నారు. పదకొండు కెమెరాలతో తీసిన పదకొండు గోడలు, తేదీల వారీగా. వాటిని చాప మీద వరసగా పరవమన్నారు. పరుస్తూనే త్రినాథ్ అందుకున్నాడు. మొదటిదాని లెన్సు మూలల్లో మెత్తబడుతుందనీ, నాలుగోది చీకట్లో తడుముకుంటుందనీ, ఏడోది అన్నీ చేస్తుంది గానీ తూకం రాయిలా ఉంటుందనీ. అతను చెబుతూనే ఉన్నాడు, ఆయన మొదటి ఫోటో మీద అరచెయ్యి కప్పారు.

"ఈవిడెవరు?"

కుడి అంచున సగం మనిషి. భుజం మీద తడి దుప్పటి, తిట్టడానికో నవ్వడానికో తెరిచిన నోరు.

మా అక్కండి, తప్పుకోమన్నాను, కాస్త ఆలస్యం చేసింది అన్నాడు త్రినాథ్, పొరపాటు తనది కానట్టు. మాస్టారు రెండోదాని మీదకి జరిగారు. అందులో అంచున ఒక భుజం, ఒక జడ. మూడోదాంట్లో మోచెయ్యి, వేళ్ళ మధ్య రెండు క్లిప్పులు. తరవాత చీర కుచ్చెళ్ళు. ఆ తరవాత బుట్ట మాత్రమే. ఎనిమిదోదాంట్లో మనిషి లేదు గానీ ఇటుకల మీద ఆవిడ తల నీడ ఒక్కటీ ఉంది. పదోదాంట్లో ఉత్త తీగ. ఒక్కోదాని దగ్గరా మాస్టారు ఆగుతూ వచ్చారు. తమ్ముడు తప్పుకోమనే మాట పూర్తయ్యేలోగా తప్పుకోవడం ఆవిడకి ఎంత బాగా అలవాటయిందో ఆ వరసంతా చెబుతోంది. పదకొండో ఫోటో మీద అరచెయ్యి చాలాసేపు ఉంచి, అంచులు నాలుగూ రెండుసార్లు చూశారు.

"ఇందులో తీగ కూడా లేదే?"

"అవతల జామచెట్టుకి కట్టేసుకుందండి. నేనడగలేదు, తనే."

"సరే. పదకొండింట్లో ఏది బాగా వచ్చింది?"

"ఇదేనండి. ఎవరూ అడ్డు రాలేదు."

అనేసి త్రినాథ్ ఆ ఫోటోకేసి చూశాడు. నిజంగానే బాగా వచ్చింది. మూలనున్న ఇటుక అంచు కూడా కత్తితో కోసినట్టుంది. గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఖాళీగా, శుభ్రంగా, ఎవరూ లేని దొడ్డిలా ఉంది. పదో రోజుకి తన దొడ్డి ఇలాగే ఉంటుందని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కింద వీధిలో ఐసు బండివాడు గంట వాయించుకుంటూ పోయాడు. చెప్పడానికి త్రినాథ్ దగ్గర ఇంకా ఆరు కెమెరాల గుణదోషాలు మిగిలే ఉన్నాయి. అతను ఫోటోలు ఒక్కొక్కటే ఏరి సంచీలో పెట్టుకోసాగాడు.

మాస్టారు లేచి బీరువాలోంచి ఒక గుడ్డసంచీ తీశారు. అందులో ఒక పాత డీఎస్సెల్లార్. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్క అంటించి ఉంది. దూరానికీ దగ్గరకీ అదే చూసే లెన్సు ఒకటి దానికి అతుక్కుపోయినట్టుంది. పెళ్ళయ్యాక తెచ్చియ్యమన్నారు. అలవాటు ఎక్కడికి పోతుంది, ఇది అన్నిటికీ పనికొస్తుందాండి అని అడిగాడు త్రినాథ్.

"ఏ పనిలోనూ మొదటిది కాదు. ఏ పనీ నా వల్ల కాదనీ అనదు. ఇంట్లో పెద్దాడపిల్ల లాంటిది," అన్నారు మాస్టారు. "నీ ట్రైపాడ్ ఆ మూల పెట్టి వెళ్ళు."

కెమెరాని మెడకి తగిలించుకుని, చూసుకోకుండా రెండేసి మెట్లు దిగి, ఇంటికొచ్చి, తిన్నగా దొడ్లోకి వెళ్ళాడు. తాయారు దుప్పటి పిండుతోంది. తమ్ముడి మెడలో కెమెరా చూసింది. దుప్పటి బుట్టలో పడేసి, బుట్ట చంకనెత్తుకుని జామచెట్టు వెనక్కి నడిచింది.

"పన్నెండోదా? తప్పుకుంటున్నాన్లే, కానివ్వు."

ఊళ్ళో ఎవరు ఏమన్నా తిరిగి ఒకటి అంటించకుండా వదలని త్రినాథ్, అక్క నడిచిపోతున్న వీపుకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఉండక్కా."

"అడ్డు కదరా?"

"గోడ అడ్డొస్తోంది. నువ్విలా ముందుకి రా."

తాయారు ఆగింది. పాలు తేడాగా ఉన్నప్పుడు గిన్నెలోకి ఎలా చూస్తుందో తమ్ముడి మొహంలోకి అలా చూసింది. బుట్ట దించి, వీడికి జ్వరమేమన్నా తగిలిందా ఏమిటని, తడిచెయ్యి చీర చెంగుకి తుడుచుకుంటూ నుదురు పట్టి చూడ్డానికి వచ్చింది. ఆ చెయ్యి నుదుటికి అందేలోపు త్రినాథ్ కెమెరా కంటికెత్తి నొక్కాడు. టక్‌మంది. ఆ చప్పుడేమిటో ఇద్దరూ పట్టించుకోలేదు.

"జ్వరం లేదు," అంది తాయారు. "పిచ్చేమో."

ఆ తరవాత తొమ్మిది రోజులూ ఆ కెమెరాకి తీరిక లేదు. పాలకేంద్రం దగ్గర ఆవిడ చివరిసారి పాలు పరీక్షిస్తుంటే, బోసిగా నవ్వుతూ వరసలో నిలబడ్డ ముసలి రైతుతో సహా తీశాడు. జాకెట్టు బిగుతుగా కుట్టినందుకు టైలర్ని దులిపేస్తుంటే తీశాడు. పసుపు దంచుతుంటే, నిద్రపోతుంటే, నిద్ర లేచి నన్నిలా తీస్తావా అని చెప్పు తీసుకుంటే, అవన్నీ తీశాడు. దొడ్లో సున్నం చుక్కలు ఎవరి కాళ్ళ కిందో పడి చెరిగిపోయాయి. పెళ్ళయింది. బరంపురం రైలెక్కుతూ తాయారు, నా ఫోటో ఏదిరా అని అడిగి, అతనిచ్చిన కవరు విప్పి చూసి, చేతిసంచీలో అన్నిటికంటే అడుగున పెట్టుకుంది.

మరుసటి ఆదివారం త్రినాథ్ ఆ ఫోటోనే ఇంకొకటి వేయించుకుని, కెమెరాని గుడ్డసంచీలో పెట్టుకుని, మాస్టారి మేడ ఎక్కాడు. మాస్టారు ఫోటో నడిమధ్యన అరచెయ్యి కప్పారు. ఎడమ అంచున జామాకులు. కింద దించిన బుట్ట, అందులోంచి వేలాడుతున్న దుప్పటి కొస. కుడి అంచున గోడ మీద పొడుగ్గా ఒక నీడ, రెండు మోచేతులూ బయటికి పెట్టి.

"ఈ నీడెవరిది?"

"నాదేనండి. తప్పుకోలేకపోయాను."

మాస్టారు చెయ్యి తీశారు. ముందుగా ఒక అరచెయ్యి, కదిలిపోయి, మసకగా, చూసేవాడి నుదుటి మీదకే వస్తున్నట్టుంది. దాని వెనక తాయారు మొహం, కనుబొమలు ముడిపడి, పెదవులు నవ్వుకి సిద్ధమై. అది ఇటుక గోడో కాదో తెలీదు. ఇటుకలన్నీ కలిసి ఎర్రటి మబ్బులా అయిపోయాయి. మాస్టారు ఈసారి అంచులకేసి మళ్ళీ పోలేదు. చాలాసేపు మధ్యలోనే ఉండిపోయారు.

అప్పుడు గుడ్డసంచీ వైపు చూపించి, నీ పదకొండింటి పక్కన దీన్ని ఎక్కడ పెడతావో చెప్పు, ఇంతకీ ఇది ఏ మోడల్ అని అడిగారు. త్రినాథ్ చెయ్యి సంచీ మీదకి పోయింది. మాస్టారు ముందే సంచీ మీద తన అరచెయ్యి కప్పి, చూడకుండా చెప్పమన్నారు.

కోనసీమలో ఆ విద్య తెలిసిన ఏకైక మనిషి తల గోక్కున్నాడు. పైకప్పు కేసి చూశాడు. ముక్కుపొడుం డబ్బా సంగతి చెప్పినప్పుడు ముందే నవ్వేవాడు గానీ, ఇప్పుడు నవ్వు కూడా సాయం రాలేదు.

"తొమ్మిది రోజులు కంటికి ఆనించుకుని తిరిగానండి. ముందువైపు పెద్దక్షరాలతో రాసే ఉంటుంది. ఏ మోడలో చూడలేదండి."

మాస్టారు సంచీ మీంచి చెయ్యి తీసి, దాన్ని అతని వైపు తోశారు.

"అయితే ఇలాంటిదే కొనుక్కో," అన్నారు.