మంచుఖండం రాయి

శిష్యులు ప్రశ్న అడిగితే వేదవల్లి గారు వెంటనే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుని బయలుదేరతారు. భూగర్భశాస్త్ర విభాగంలో అందరూ ఎరిగిన సంగతే అది.

నూకరత్నం పరిశోధన పూర్తయింది. మర్నాడు పరీక్షించే పెద్దల ముందు దాన్ని నిలబెట్టుకోవాలి. విజయనగరం వైపు కొండలూ, అంటార్కిటికా అంచున ఉన్న కొండలూ ఒక్కటేనన్నది ఆమె వాదం. సుమారు నూరు కోట్ల ఏళ్ల కిందట నేలలన్నీ జరిగి జరిగి ఒకే మహాఖండమైనప్పుడు, ఆ ఒత్తిడికి లేచిన కొండల వరస అది. ఆ మహాఖండం విడిపోయింది. ముక్కలు వేరే పొందికలో మళ్లీ కూడాయి, మళ్లీ చీలాయి. ఆ చీలికలోనే కొండల వరస రెండై, ఒక భాగం మంచులోకి వెళ్లిపోయింది.

"కొలతలన్నీ కుదిరాయి మేడమ్. కానీ అంత కాలం, అంత దూరం! ఇంకా అవి ఒకటేనని గుండె మీద చెయ్యి వేసుకుని ఎలా చెప్పను?" అని అడిగింది.

గురువుగారు బీరువా తెరిచి, అంటార్కిటికా కొండలకు వెళ్లినవారు తెచ్చిచ్చిన రాయిని సంచిలో వేసుకున్నారు. "ఈ చుట్టుపక్కల రాయి బాగా తెలిసినవాళ్లు ఎవరమ్మా?" అన్నారు.

నూకరత్నం తల దించుకుంది. తండ్రి ఏం చేస్తాడని ఎవరడిగినా ఐదేళ్లుగా వ్యవసాయమనే చెబుతూ వచ్చింది. ఈసారి మాత్రం, "మా నాన్న. క్వారీలో రాయి కొడతాడు" అంది.

వాళ్లు వెళ్లేసరికి అప్పలస్వామి దుమ్ము కొట్టుకుపోయి, ఎండలో పని చేస్తున్నాడు. కూతురి వెంట గురువుగారిని చూసి తలగుడ్డ విప్పి నిలబడ్డాడు. రాయి చేతికివ్వగానే తిప్పి చూసి, సుత్తి కొసతో రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

"ఇది మన కొండదే గదమ్మా! ఈ ఎర్ర సుక్కలు సూడు. ఇక్కడ కొడితే ఇలగ పలకలా సీల్తాది."

"మంచుఖండం నుంచి వచ్చింది అప్పలస్వామి గారూ."

"ఎక్కడినుంచయినా రానీండి అమ్మగోరూ. నలబై ఏళ్లు కొట్టిన సెయ్యి ఇది. కొట్టమంతారా?"

"వద్దు నాన్నా! ఉన్నది అదొక్కటే" అని అరిచింది నూకరత్నం. గురువుగారు మాత్రం తల ఊపారు. ఒక్కటే దెబ్బ. తండ్రి వేలితో గీసి చూపిన చోటే, చూపినట్టే రాయి రెండు పలకలైంది. లోపల ఎర్రచుక్కలు ఎండకు మెరిశాయి. ఐదేళ్లు యంత్రాల మీద తాను తేల్చినదాన్ని ఆయన రెండుసార్లు తట్టి తేల్చేశాడు. నూకరత్నం ముందుకు వచ్చింది. దుమ్ముతో ఉన్న ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మర్నాడు సభలో ఒక పెద్దాయన పలకలు చూసి, "ఇంత అరుదైన రాయిని పగలగొట్టిందెవరు?" అని గద్దించారు.

నూకరత్నం లేచి నిలబడింది. "మా నాన్న అప్పలస్వామి గారండీ. రాయి కొట్టడం ఆయన పని. అది మా కొండదేనని నాకన్నా ముందు పోల్చింది ఆయనే." ఆ తరవాత అడిగిన ప్రతి ప్రశ్నకూ తడుముకోకుండా జవాబిచ్చింది. పట్టా ఖాయమైంది.

బయటికి వచ్చాక వేదవల్లి గారు ఒక పలకను ఆమె చేతిలో పెట్టారు.

"ఎన్ని కోట్ల ఏళ్లు గడిచినా, ఎంత మంచు కప్పినా, ఈ రాయి తన ఊరు దాచుకోలేదమ్మా" అన్నారు.