జొన్నలు తిన్న వకీలు

ఆ రాజ్యంలో రాజ్య వకీలుకు జీతం ఖజానా నుంచి వచ్చేది కాదు. ఆ పదవిని పెట్టిన ఇప్పటి రాజుగారి ముత్తాత, ఊళ్లో ప్రతి ఇల్లూ ఏటా దోసెడు జొన్నలు ఇవ్వాలన్నాడు. ఎవరి గింజలు తింటే వాళ్ల తరఫునే మాట్లాడతాడని ఆయన నమ్మకం.

గొర్రెలు కాసుకునే బీరమ్మ అనే ఆమె గుట్టను రాజుగారి వేటకు ఇప్పించాలని వకీలు శేషాద్రి పంతులు సభలో లేచాడు.

"ప్రజలందరి తరఫునా అడుగుతున్నాను" అన్నాడు.

గుట్ట పోతే మంద పోతుంది. బీరమ్మ సభ మధ్యకు వచ్చి అడిగింది.

"పంతులుగారూ, ఈ ఏడు మా ఇంటి జొన్నలు మీకు ముట్టాయా?"

"ముట్టాయి. అయితే ఏమిటి?"

"అయితే మీరు నాకూ వకీలేగదయ్యా. గుట్ట వదులుకుంటానని నేను మీతో ఎప్పుడన్నాను? కోట నుంచి మీకు ఎన్ని దోసెళ్లు వచ్చాయి?"

కోట నుంచి ఒక్క గింజా రాలేదు.

రాజు మెల్లగా అన్నాడు.

"పంతులూ, ఆమె పక్కన నిలబడి వాదన మొదలుపెట్టు."

"మరి తమ తరఫున ఎవరు ప్రభూ?"

"నాకు వకీలు ఉండకూడదనే మా ముత్తాత ఈ పదవి పెట్టాడు."

పంతులు కండువా సర్దుకుని బీరమ్మ పక్కకు నడిచాడు.